పసుపు చుక్క

పిచ్చుక ఛాతీ యంత్రంతో పాటే లేస్తోంది, దిగుతోంది. ముద్దుకు పెట్టిన ఆ పేరుకు తగ్గట్టే గుప్పెడంత పిల్ల. పొద్దున ఊపిరాడక పెదాలు నీలంగా మారితే ఆసుపత్రికి తెచ్చారు. వెంటనే వెంటిలేటర్ పెట్టారు.

తండ్రి మాత్రం పిల్లను చూడటం లేదు. వెంటిలేటర్ పక్కభాగాన బిగించిన మరమేకు మీది పసుపు రంగు చుక్కను చూస్తున్నాడు. ఒక చెయ్యి జేబులో ఉంది. బయట గాలివాన.

"మీ కంపెనీదేనండీ!" అంది భార్య కళ్లు తుడుచుకుంటూ. "ఆరోజు మిమ్మల్ని నానా మాటలూ అన్నాను."

అన్నది నిజమే. డబ్బుల్లేని ఆసుపత్రులకు కూడా వెంటిలేటర్లు అందాలంటే సగం జీతానికి పనిచేద్దామా అని యజమాని అడిగినప్పుడు, అందరికంటే ముందు చెయ్యెత్తిన మహానుభావుడు ఇతనే. 'ఆశయాన్ని పొయ్యి మీద పెడితే ఉడుకుతుందా?' అని దెప్పింది ఆమె. ఉడకలేదు. అప్పట్నుంచీ రాత్రిళ్లు టాక్సీ నడుపుతున్నాడు.

"సిస్టర్, ఈ మెషీన్ మార్చండి" అన్నాడు అటుగా వచ్చిన నర్సుతో.

"బాగానే పనిచేస్తోంది కదండీ!"

"మీకు దణ్ణం పెడతాను. ఎర్రచుక్కదో నీలంచుక్కదో తెండి. పసుపుది వద్దు."

నర్సు అతన్ని ఎగాదిగా చూసి వెళ్లింది. కాసేపటికి తిరిగొచ్చింది.

"ఖాళీగా ఉన్నది ఒక్కటే. దాని మీద కూడా పసుపే ఉంది" అని చెప్పి పక్క మంచం దగ్గరికి పరుగెత్తింది.

అతని పైప్రాణాలు పైనే పోయాయి.

"ఏంటండీ ఈ రంగుల గోల?" భార్య అతని చొక్కా పట్టుకుంది.

"కరెంటు పోతే బ్యాటరీ అందుకుంటుందో లేదో చూశాకే మావాళ్లు చుక్క పెట్టాలి. ఒక్కొక్కరికీ ఒక్కో రంగు. ఆ పసుపువాడు... కొన్నాళ్లుగా కునికిపాట్లు పడుతూ, చూడకుండానే పెట్టేస్తున్నాడు."

"తెలిసీ నోరు మూసుకున్నారా?"

"సగం జీతానికి ఇంకొకడు దొరకడు. పైగా వాడికీ సంసారం ఉంది..."

లైట్లు ఒక్కసారి రెపరెపలాడాయి. యంత్రం కీచుమంది. మళ్లీ ఊపిరి అందుకుంది. ఇద్దరూ మంచం ఊచలు పట్టుకుని బిగుసుకుపోయారు.

"వాడి కడుపున పుట్టినదానికైతే ఇలాంటిది పెడతాడా?" అని అరిచింది ఆమె. "ఫోన్ చెయ్యండి వాడికి! దీన్ని చూశాడో లేదో ఇప్పుడే అడగండి!"

అతను కదల్లేదు.

"ఏం మనిషండీ మీరు!" అంటూ ఆమె అతని చేతిని జేబులోంచి బయటికి లాగి ఫోన్ పెట్టబోయి, బొటనవేలి గోటి చుట్టూ ఎంత కడిగినా పోక రోజూ కనబడే పసుపు రంగును చూసింది.