రాక్షసుల నోళ్ళు చిన్నవైన ఏడు

చిక్కపేటలో గురప్ప చేసిన కోరలు చూసి ఒక వీధికుక్క సిగ్గుపడి తన పండ్లు దాచుకుందని చెబుతారు.

అది అబద్ధమే కావచ్చు. ఆ కుక్క మళ్ళీ ఎవరినీ కరవలేదన్నదానికి మాత్రం సందంతా సాక్ష్యం.

గురప్పది నాటకాల వేషసామాన్ల అంగడి. కిరీటాలు, గదలు ఎవరైనా చేస్తారు. రాక్షసుడి పండ్లు చేయాలంటే గురప్పే. ఎదురుగా అద్దం పెట్టుకొని, నోరు బార్లా తెరిచి, తన నోటినే చూసుకుంటూ బంకమట్టితో ఒక్కొక్క పన్నూ దిద్దేవాడు. చిగుళ్ళు, గార, విరిగిన అంచు, ఏదీ వదిలేవాడు కాడు. తన నోరెంత తెరుచుకుంటే రాక్షసుడి నోరూ అంత.

ఆ మట్టి దవడకు అచ్చు తీసి, కాగితపు గుజ్జు పోసి, రంగు వేసి పంపితే, కోలారు దాకా వేషగాళ్ళు దాన్ని మూతికి కట్టుకొని గర్జించేవారు.

పని చేస్తున్నంతసేపూ ఎడమ బుగ్గలో గుట్కా ఉండాల్సిందే. ప్రతి బీడీబంకు ముందూ ఆ పొట్లాలు తోరణాల్లా వేలాడే కాలమది.

ఆ వేసవిలో ఒక మనిషి వచ్చాడు. ఎండ పెనంలా కాలుతుంటే మెడ నుంచి ముక్కు దాకా మఫ్లర్ చుట్టుకొని ఉన్నాడు. అంగడి ముందు నిలబడి గురప్ప నోటివైపే చూస్తున్నాడు.

"ఏమప్పా, ఏం కావాల?"

"నోరు."

ఆ మాట బురదలోంచి కాలు లాగినట్టు వచ్చింది.

"ఎవరిది? రావణాసురుడిదా, బకాసురుడిదా?"

"నీది. తెరువు."

గురప్ప నవ్వబోయాడు. నవ్వు సగంలోనే బుగ్గ బిగుసుకుంది.

"నా నోరు బాడుగకియ్యను, పో."

పోయాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు.

సందులో కథలు పుట్టాయి. వాడు శ్మశానంలో పండ్లు ఏరుకునేవాడని పూలమ్మే అక్కయమ్మ చెప్పింది. మూటలు మోసే ఆవులప్ప ఇంకాస్త ముందుకుపోయి, వాడు ఎవరి నోటివైపు చూస్తే వాళ్ళు ఆ ఏడు దాటరన్నాడు.

గురప్ప పెండ్లాం సొన్నమ్మకు ఆ కథలతో పనిలేదు. ఆమె భయమంతా కంచంలో ఉంది. సంగటి ముద్ద గోలీకాయంత చేసినా మొగుడి నోట్లోకి పోవడం లేదు. కారం తగిలితే కండ్లలో నీళ్ళు.

"డాక్టరుకు చూపీ. ఎన్నాళ్ళని అంబలి తాగి బతుకుతావు?"

"వేడి చేసిండాది, అంతే. జాతర సామాను పంపేసి పోతాలే."

"జాతర యాడికి పోతాది? నోరు మూతబడితే మల్లా తెరిచేదెవురు?"

గురప్ప బుగ్గలో ఇంకో పొట్లం వేసుకున్నాడు.

జాతరకు మహిషాసురుడి కోరలు ఎండుతున్న రోజున, మఫ్లర్ మనిషి ఏకంగా అంగడి లోపలికే వచ్చాడు.

గోడకు పాత దవడలు వరసగా వేలాడుతున్నాయి. ఏటికొకటి గుర్తుగా ఉంచుకున్నవి. ఆ మనిషి అన్నిటికంటే పాతదాని నోట్లో మూడు వేళ్ళు నిలువుగా పెట్టాడు. సులువుగా దూరాయి. దాని పక్కదానిలో పెట్టాడు. ఇరుకుగా దూరాయి. కొత్తదానిలో రెండే పట్టాయి.

ఆ వేళ్ళు అట్లాగే నిలబెట్టుకొని గురప్పవైపు తిరిగాడు.

"నోరు తెరువు."

బయట తోపుడుబండ్ల చప్పుడు కూడా గురప్పకు వినబడలేదు.

"ఎవరు నువ్వు? నిన్నెవరు పంపినారు?"

"చూడు," అంటూ ఆ మనిషి మఫ్లర్ విప్పసాగాడు.

ఒక్కొక్క చుట్టే ఊడింది. కింద దవడ ఒకవైపు లేదు. అక్కడ తోలు లోపలికి లాగి కుట్టేసినట్టుంది.

గురప్ప కేక వేయాలనుకున్నాడు. నోరు అంత తెరుచుకోలేదు. చేతిలో ఉన్న మట్టిముద్ద ఎత్తి ఆ ముఖానికేసి కొట్టాడు.

జనం మూగారు. గురప్ప చెయ్యి ఊపగానే ఆవులప్ప ఆ మనిషిని మెడపట్టి సందు చివరిదాకా తోశాడు. అతను ఎదురు తిరగలేదు. మట్టి తుడుచుకొని, మఫ్లర్ చుట్టుకుంటూ, పోయేటప్పుడు కూడా గురప్ప నోటివైపే చూశాడు.

మళ్ళీ రాలేదు. పీడ విరగడైందని సందంతా ఊపిరి పీల్చుకుంది.

జాతర అయింది. గురప్ప నోట్లోకి చెంచా కూడా దూరని రోజున సొన్నమ్మ అతన్ని ఆటోలో వేసుకొని ఆస్పత్రికి పోయింది.

డాక్టరు టార్చి వేసి చూశాడు.

"దవడ తీసేయాల. అదీ ఆలస్యమే. ఇన్నాళ్ళూ నీకెవరూ చెప్పలేదా?"

నాటకాల కంట్రాక్టరు గంగప్ప కొబ్బరినీళ్ళు తీసుకొని చూడవచ్చాడు. మంచం పక్కన కూర్చున్నాడు.

"మన మునినారాయణప్ప పోయినాడప్పా. మహిషాసురుడి వేషం కట్టేటాయప్ప."

గురప్ప ఆ పేరు విన్నాడేగాని మనిషిని ఎరుగడు. సామాను గంగప్ప చేతికిచ్చేవాడు. నాటకం చూసే తీరిక ఏనాడూ లేదు.

"ఆయప్పదీ ఇదే జబ్బు," అన్నాడు గంగప్ప. "ఆపరేషనైనంక వేషం మానేసినాడు. ఒకనాడు నీ కోరలు చేతికి తీసుకొని, 'ఇవి ఏటేటికీ మూసుకపోతా ఉండాయి, నా గొంతు బయటికి వచ్చేది కాదు. వీటిని చేసేటాయప్ప నోరు మూతబడతా ఉండాది' అన్నాడు. నేను చెప్తాలే అంటి. 'చెబితే నేను విన్నానా? పోయి నా మొగమే చూపిస్తా' అని బయలుదేరినాడు. నీ కాడికి రాలేదా?"

గురప్ప కండ్ల ముందు మఫ్లర్ మళ్ళీ ఒక్కొక్క చుట్టే ఊడింది.

తను మట్టి కొట్టి, మెడపట్టి గెంటించింది, ఇన్నేండ్లూ తన పండ్లను మూతికి కట్టుకొని ఊరూరా వాటికి గొంతు ఇచ్చిన మనిషిని.