అంచున కరిగేది

అన్నం తిని చెయ్యి కడుక్కొచ్చిన మా ఆయన, కొత్తపేట దవాఖానలో ఇచ్చిన నా రక్తపరీక్ష కాగితం చూసి అరిచాడు. "కడుపుతోని ఉన్నవ్, రక్తం గింత తక్కువేందే? మనింట్ల తిండికేం కరువొచ్చింది?"

"గిన్నె నిండ వండుతున్నం, కడుపు నిండ తింటున్నం," అంటూ అత్తమ్మ తేన్చింది.

నాకు ఒళ్లు మండింది. ధ్రువాల దగ్గర మంచు ఎంత కరిగిందో లెక్కకట్టడమే మా ఆయన ఉద్యోగం. భూమిని గళ్లుగా విడగొట్టి ప్రపంచమంతా చూసే కంప్యూటర్ మోడల్‌లో గళ్లు పెద్దవట, మొత్తమ్మీద పడిన మంచుకూ కరిగిన మంచుకూ సరిపోయిందంటుందట. మంచున్న ఒక్క ప్రాంతాన్నే చిన్న గళ్లలో చూసే మోడల్‌లో అంచులు కరగడం కనబడుతుందట. ఆయన ఫోన్లో చెబుతుంటే విన్నాను.

ఎన్నడూ ఎదురు మాట్లాడని నేను, అందరూ తిన్నాక నాకు మిగిలే గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టాను. అడుగున మాడు తప్ప ఏమీ లేదు.

"ఇల్లంతా ఒక్క గడి చేసి చూడకుండ్రి. గిది నా గడి."