భోజనానికి ముందు రెండు తిట్లు

"మీరు... మీరసలు మనిషేనా?" అంది లైబ్రేరియన్, పుస్తకం తిరిగిచ్చెయ్యమని అడిగినంత మర్యాదగా.

మంచమ్మీద పడుకున్న భర్త తన నాడి తానే పట్టుకు చూసుకుని పెదవి విరిచాడు. "ఊహూఁ. గుండె కదల్లేదు."

"మాట కడుపులోంచి రావాలమ్మాయ్," అంది అత్తగారు గుమ్మంలోంచి. "నా కొడుకని మొహమాటపడకు."

కళ్ళు తిరుగుతున్నాయని భర్త గోల పెడితే, పోయిన వారం భార్యే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు ఇద్దరికీ బీపీ చూశాడు. ఆమెను బయట కూర్చోబెట్టి ఆయనతో చాలాసేపు మాట్లాడాడు. ఆ తర్వాత ఆమెను పిలిచాడు.

"రక్తపోటు మరీ తక్కువమ్మా. మెదడులో కోపం పుడితే గుండె పరుగందుకుంటుంది, రోగాలతో పోరాడే కణాలూ నిద్రలేస్తాయి. మందులకంటే ముందు పోట్లాట పెట్టి చూద్దాం. భోజనానికి ముందు రెండు తిట్లు."

"నేను తిట్టాలా?"

"మీరే తిట్టాలి. ఇంకెవరు తిట్టినా పనిచెయ్యదు."

పెళ్ళయ్యాక ఆమె గొంతు పెంచింది లేదు. వచ్చిన మాటను వచ్చినట్టే మింగేసేది. కానీ భర్త ప్రాణం మీదికొచ్చాక తప్పుతుందా? ఆయనా పాపం తనవంతు సాయం చేశాడు. తడి తువ్వాలు పరుపు మీద పడేశాడు. ఆమె చదువుతున్న నవల చివరి పేజీ పైకి చదివి వినిపించాడు. అయినా ఆమె నోరు "అబ్బ, ఏమిటండీ ఇది" దాటలేదు.

ఆదివారం ఆయన గోడకు మేకు కొడుతూ, "ఇక్కడుండే పడక్కుర్చీ ఇచ్చేసి మంచిపని చేశాం," అన్నాడు.

"చేశాం కాదు, చేశారు!" ఆ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "అది మా నాన్న కుర్చీ! నన్నొక్క మాట అడిగారా? నోరు మూసుకున్నానని నాకేమీ లేదనుకున్నారా?"

చెవులు వేడెక్కాయి. గుండె దడదడలాడింది. పక్కింటివాళ్ళు కిటికీ తెరిచారు. చప్పట్లు కొట్టబోయిన అత్తగారు కోడలి ముఖం చూసి ఆగిపోయింది.

భర్త సుత్తి కింద పెట్టాడు. "అది మాత్రం నిజంగా నా తప్పే," అన్నాడు.

ఆ పూట ఆమె మారు వడ్డించుకుని తింది. ఇక తిట్లు వాటంతటవే వచ్చాయి. లైబ్రరీలో ఫోన్ పట్టుకుని అరుస్తున్న పెద్దమనిషిని బయటికి నడిపించింది. ఏడాది పొడుగునా జలుబుతో ముక్కుకు అడ్డం పెట్టుకునే చేతిరుమాలు ఇంట్లోనే మరిచిపోతోంది.

నెల తిరిగాక డాక్టరు మళ్ళీ ఇద్దరికీ బీపీ చూసి నవ్వాడు. "బ్రహ్మాండం!"

"అయితే తిట్లు ఆపెయ్యొచ్చా?"

"అవసరమైనప్పుడు మానకండి."

భర్తకు గండం గడిచిందని ఆమె కళ్ళు చెమర్చాయి. బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే, తెర వెనక డాక్టరు గొంతు తగ్గించి ఆయనతో చెప్పడం వినిపించింది:

"ఆవిడ బీపీ బాగైంది, ఇక మీరు రోగిలా నటించక్కర్లేదు."