వణుకూ, గెంతూ

“రెండొందల పన్నెండు నలభై,” అంది అనఘ.

“అయిదు నిమిషాల కిందట?” వాలుకుర్చీలోంచి అడిగారు సోమయాజులు మాస్టారు.

“రెండొందల పన్నెండు ఇరవయ్యండి.”

“వణుకే. రాసుకో.”

అనఘ డైరీలో రాసుకుంది. ఎదురుగా టీవీ నిండా చీమలు పాకినట్టు చుక్కలు. బొమ్మ లేదు, అంకెలు లేవు. కేబుల్ పోయి నలభై రోజులైంది.

అది 2003 వేసవి. పదో తరగతి పరీక్షలు రాసి, అనఘ వినగడప నుంచి తిరువూరులో పిన్ని ఇంటికి వచ్చింది. మాస్టారిది పక్కిల్లు. వయసులో ఉన్నప్పుడు ఆయన బొంబాయిలో, షేర్ల ఆఫీసు బోర్డు మీద సుద్దముక్కతో ధరలు రాసేవారట. తర్వాత ముప్పై ఏళ్ళు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పారు. నీటికాసులు వచ్చి చూపు పోయాక, టీవీ అడుగున పరుగెత్తే ధరల్లో ఒక సిమెంటు కంపెనీది చదివిపెట్టమని అనఘని పిలిచారు.

“ఆ ఇంగ్లీషు గోల వద్దు, సౌండు తీసెయ్యమ్మా. అంకెలు వింటుంటే మళ్ళీ ఆ బోర్డు ముందు నిలబడ్డట్టుంటుంది. అవీ లేకపోతే నాకు పొద్దెలా పోతుంది?”

అనఘ నలుగురిలో నోరు విప్పే పిల్ల కాదు. వారం చదివాక మాత్రం, “ఇవి ఎందుకిలా వణుకుతున్నాయండీ?” అని మెల్లిగా అడిగింది. “ఊరికే చదువుతుంటే తెలిసేది కాదమ్మా అది,” అన్నారు మాస్టారు.

ఆ మర్నాడే కేబుల్ పోయింది. చెబుదామని నోరు తెరిచింది. “ఊఁ, ఎంతమ్మా?” అన్నారాయన ఆశగా.

“రెండొందల రెండు,” అనేసింది.

తర్వాత మూడు, నాలుగు, అయిదు అంటూ పోయింది. మాస్టారు నవ్వారు. “ఏంటమ్మా, ప్రార్థనకి నిలబడ్డ బడిపిల్లల్లా ఇంత వరసగానా?”

మర్నాడు నోటికొచ్చినట్టు చెప్పింది. “ఈ షేరు బోదురుకప్పని మింగిందా ఏంటి?” అన్నారు.

దొరికిపోతానని భయం వేసి, ఆయన్నే అడిగింది. “అసలు ధర ఎలా కదులుతుందండీ?”

“మామూలుగా వణుకుతూ ఉంటుంది. నువ్వన్న మాటే. ఏదైనా కబురొస్తే ఒక్కసారిగా గెంతుతుంది. గెంతాక కాసేపు వణుకు ఎక్కువవుతుంది, మళ్ళీ సర్దుకుంటుంది.”

“ఏది వణుకో, ఏది గెంతో ఎలా తెలుస్తుందండీ?”

“ఒక ధరకీ తర్వాతి ధరకీ తేడా కట్టు. అలాంటి తేడాల్లో పక్కపక్కవి రెండేసి గుణించు. గెంతు ఒంటరిది. పక్కనున్న బుల్లి తేడాతో గుణిస్తే అణిగిపోతుంది. వణుకు గుంపుగా వస్తుంది, అది అణగదు.”

ఆ సాయంత్రం అనఘ ఆరు చింతపిక్కలు తెచ్చి, ఒక్కోదాన్నీ ఒకవైపే గచ్చు మీద తెల్లగా అరగదీసింది. అప్పట్నుంచి ఒళ్ళో తువ్వాలు పరుచుకుని, చప్పుడు కాకుండా పిక్కలు వేసేది. తెల్లవెన్నో నల్లవెన్నో చూసి తేడా కట్టేది. ఆరూ తెల్లవైతే పైకి గెంతు, ఆరూ నల్లవైతే కిందకి. గెంతాక పదిసార్లు తేడాలన్నీ రెట్టింపు.

మాస్టారు వంకలు పెట్టడం మానేశారు. ఒకరోజు ఆరూ తెల్లవి పడ్డాయి.

“రెండొందల పదిహేనండీ!”

“గెంతు!” ఆయన కుర్చీలోంచి లేచారు. సుద్దముక్క పట్టుకున్నట్టు వేళ్ళు బిగించి, గాల్లో ఆ అంకె రాశారు.

ఇవాళ ఆఖరి రోజు. రేపు అనఘ విజయవాడ హాస్టలుకి వెళ్ళిపోతుంది. రేపట్నుంచి ధరలు చదివేది ఎదురింటి సామ్రాజ్యం గారు. ఆవిడ టీవీ పెట్టగానే, “ఇందులో బొమ్మేదండీ మాస్టారూ?” అని వీధంతా వినబడేలా అడుగుతుంది. అప్పుడు మాస్టారి మొహం ఎలా ఉంటుందో తలుచుకుంటేనే అనఘకి ఏడుపొచ్చింది.

కాళ్ళకి దండం పెడితే ఆయన, “ఇంటర్ అయ్యాక స్టాటిస్టిక్స్ చదువు. ఆ డైరీ పారెయ్యకు,” అన్నారు.

అనఘ పరుగున బస్టాండు పక్కనున్న ఏసోబు కేబుల్ గదికి వెళ్ళింది. ఇంతకుముందు రెండుసార్లు అడిగితే, అతను రెండుసార్లూ స్తంభం వైపు చూస్తూ “వైరు లేదు పాపా” అన్నాడు.

“అన్నా, ఇవాళ ఎలాగైనా కేబుల్ పెట్టాలి. లేకపోతే మాస్టారికి తెలిసిపోద్ది!”

“ఏం తెలిసిపోద్ది?”

చెప్పింది. పిక్కలతో సహా అంతా చెప్పింది. ఒక మనిషి ముందు అంతసేపు మాట్లాడటం ఆమెకి అదే మొదటిసారి.

ఏసోబు వైరు చుట్ట భుజాన వేసుకుంటూ నవ్వాడు. “పెట్టమని పొద్దున్నే కబురు పంపారులే పాపా.”

“ఎవరు?”

“మాస్టారే,” అన్నాడు ఏసోబు. “అప్పుడు తీసెయ్యమందీ ఆయనే.”