ఏడో ప్రశ్న

చంటిపిల్లలతో ఆన్‌లైన్‌లో చదువుకుంటున్న తల్లులు నిబ్బరంగానే ఉన్నారని సదస్సులో ఢంకా బజాయించి చెప్పాను. చప్పట్లు మోగాయి.

నా సర్వేని మధ్యలో వదిలేసిన తొంభై మందినీ శ్రద్ధ లేనివాళ్ళని ముందే లెక్కలోంచి తీసిపారేశాను. వాళ్ళంతా ఏడో ప్రశ్న దగ్గరే ఆగారని ఇవాళ చూసి, ఒకామెకి ఫోన్ చేశాను.

“ఏమ్మా, పూర్తి చెయ్యలేదే?” అన్నాను, కాస్త కటువుగానే.

“మనసు బాగోకపోతే ఎవరితో చెప్పుకుంటారో పేరు రాయమన్నారు కదండీ. అలాంటివాళ్ళు నాకెవరూ లేరు. ఖాళీగా వదిలేస్తే ముందుకి పోనివ్వలేదు మేడమ్. దొంగపేరు రాయబుద్ధి కాలేదు.”

తల కొట్టేసినట్టయింది. ఆ జవాబు తప్పనిసరి చేసింది నేనే.

వెనక పాప ఏడుస్తోంది. ఆమె గొంతు తగ్గించింది.

“పోనీ, మీరు ఫోన్ చేశారుగా... మీ పేరు రాసెయ్యనా మేడమ్?”