ఒంటికాలి పరీక్ష

“నడుం నొప్పి సంగతి మాత్రం ఎత్తకురోయ్” అన్నాడు దుర్గాప్రసాద్, గేటు దగ్గర చెప్పులు విడుస్తూ.

మాలకొండయ్య తలూపాడు. ఆ తలూపడానికే నడుం కలుక్కుమంది. పైకి మాత్రం నవ్వు మొహం పెట్టాడు.

గోడకి బోర్డుంది. ‘సుబ్బరావమ్మ, ఫిజియోథెరపీ. నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పి, తూలి పడుట.’ చిలకలూరిపేటలో పెద్దవయసు వాళ్ళందరికీ ఆ ఇల్లు తెలుసు. మాలకొండయ్య బోర్డు రెండుసార్లు చదివాడు. నడుం నొప్పి దాచడానికి ఇంతకన్నా పనికిమాలిన చోటు జిల్లాలో ఇంకోటి ఉండదు.

మనిషికి అరవై ఏడేళ్ళు. మూడెకరాల మిర్చి రైతు. ఇప్పటికి రెండు చోట్లకి వెళ్ళొచ్చాడు, రెండు చోట్లా తప్పాడు. మంగళగిరిలో లేవబోతూ ఆసరాకి టీపాయ్ పట్టుకున్నాడు. దానికి చక్రాలున్నాయి. అదీ ఆయనా కలిసి గుమ్మం దాకా వెళ్ళారు. వేటపాలెంలో మెత్తటి సోఫాలో కూర్చోగానే నడుం పట్టేసింది. సాయంత్రం దాకా వాళ్ళు ఆయన్ని లేపలేకపోయారు. రెండు చోట్లా మళ్ళీ పిలుస్తామన్నారు. పిలవలేదు.

“ఇది మూడోది. ఇదీ తప్పితే నేనింక నీతో తిరగలేను. ఇంట్లో కూర్చుని గోడలతో కబుర్లు చెప్పుకో” అని స్నేహితుడు దుర్గాప్రసాద్ బస్సులోనే తేల్చేశాడు. మాలకొండయ్యకి నిజంగానే భయం వేసింది. ఆరేళ్ళుగా ఆ గోడలతోనే మాట్లాడుతున్నాడు మరి.

లోపల సుబ్బరావమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి, నేత చీర, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు. పక్కన కూతురు ఉదయశ్రీ, ఒక చేతిలో నోట్‌బుక్కు, ఇంకో చేతిలో ఫోను. ఫోన్లో స్టాప్‌వాచ్.

మాలకొండయ్య చేతిసంచి కింద పెట్టాడు. నిండా ఎండు మిరపకాయలు.

“పళ్ళు తెమ్మంటే కాయలు తెచ్చాడండి” అన్నాడు దుర్గాప్రసాద్, తల దించుకుని.

“పళ్ళయితే కొనాలి. ఇవి నేను పండించినవి” అన్నాడు మాలకొండయ్య.

ఆవిడ ఒక కాయ తుంచి వాసన చూసింది. ఉదయశ్రీ నోట్‌బుక్కులో ఏదో రాసుకుంది.

“చేతులు కట్టుకుని, కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోండి” అంది సుబ్బరావమ్మ.

లేచాడు, కూర్చున్నాడు. మూడోసారికి మీసానికి వేసిన రంగు చెమటకి కరిగింది. ఐదోసారికి గడ్డం దాకా దిగింది.

“పద్దెనిమిది సెకన్లు” అంది ఉదయశ్రీ.

“నడుం నొప్పి ఎన్నాళ్ళ నుంచి?” అంది సుబ్బరావమ్మ.

“నాకసలు నడుమే లేదండి” అన్నాడు కంగారులో.

“ఒంటికాలి మీద నిలబడండి.”

నాలుగు సెకన్లు నిలబడ్డాడు. ఐదో సెకనుకి దుర్గాప్రసాద్ చొక్కా జేబు చేతికి దొరికింది. జేబు ఊడొచ్చింది, మనిషి ఆగాడు.

“ఇప్పుడు ఈ గీత మీద అడుగులో అడుగు వేసుకుంటూ రండి.”

నేల మీద తెల్ల టేపు అతికించి ఉంది. రెండో అడుగుకే ఫ్రిజ్ వైపు వెళ్ళిపోయాడు. మళ్ళీ నడవమంటే ఈసారి కిటికీ వైపు వెళ్ళాడు. ఉదయశ్రీ పెన్ను ఎత్తింది. దుర్గాప్రసాద్ కళ్ళు మూసుకున్నాడు.

“ఒక్క మాటండి” అన్నాడు మాలకొండయ్య. “గీతకి అటూ ఇటూ నా కాయలు పోయించండి.”

సుబ్బరావమ్మ సంచి వైపు చూసింది.

“పొయ్యమ్మా” అంది కూతురితో.

ఉదయశ్రీ సంచి గుమ్మరించింది. ఎర్రటి కాయల మధ్య పాదం పట్టేంత దారి మిగిలింది. మాలకొండయ్య పంచె ఎగ్గట్టాడు. యాభై ఏళ్ళుగా కల్లంలో ఆరబోసిన కాయల సందుల్లో తిరిగిన కాళ్ళవి. కాయ తొక్కితే గింజ రాలిపోతుంది, సరుకు చెడుతుంది. చివరిదాకా వెళ్ళాడు, తిరిగాడు, వచ్చాడు. మధ్యలో ఘాటుకి తుమ్మొచ్చింది. ఒంటికాలి మీద ఆగి, తీరిగ్గా తుమ్మి, అప్పుడు రెండో కాలు వేశాడు. ఒక్క కాయ చిట్లలేదు.

సుబ్బరావమ్మ కళ్ళజోడు పెట్టుకుంది.

“ఇప్పుడు చెప్పండి. ఎన్నాళ్ళ నుంచి?”

ఆయన స్నేహితుడి వైపు చూశాడు. దుర్గాప్రసాద్ వద్దని తలూపబోయి వరసగా తుమ్మాడు.

“ముప్పై ఏళ్ళ నుంచండి. మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, ఎత్తిన నడుం. పొద్దున మంచం పట్టె పట్టుకుంటే గానీ లేవలేను. అబద్ధం చెప్పాను” అన్నాడు మాలకొండయ్య. “నచ్చకపోతే ఇప్పుడే చెప్పెయ్యండి. మళ్ళీ పిలుస్తామని మాత్రం అనకండి. ఫోను పక్కన పెట్టుకుని కూర్చోవడం నావల్ల కావట్లేదు.”

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఘాటు కాబట్టి సరిపోయింది.

“నొప్పి దాచుకుని నడిచేవాళ్ళే ఎక్కువ పడతారండి. వచ్చినవాళ్ళందరికీ ఇదే చెప్తాను” అంది సుబ్బరావమ్మ. కుర్చీ చెయ్యి పట్టుకుని మెల్లగా లేచింది. “నాకూ నడుం నొప్పే. పన్నెండేళ్ళ నుంచి. ఇంకొక్క పరీక్ష ఉంది. అది పుస్తకాల్లో ఉండదు.”

వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

“చెయ్యివ్వండి. కాలెత్తండి. నేనూ ఎత్తుతాను.”

మిరపకాయల మధ్య ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డారు. ఆయన అటు ఊగితే ఆవిడ ఇటు లాగింది. ఆవిడ తూలితే ఆయన ఆపాడు. పది సెకన్లు. ఇరవై. ముప్పై. దుర్గాప్రసాద్ ముక్కు మూసుకుని తుమ్ము ఆపుకున్నాడు. నలభై దాటాక ఉదయశ్రీ స్టాప్‌వాచ్ ఆపేసింది. వాళ్ళిద్దరూ కాళ్ళు దించేశారు, చేతులు మాత్రం వదల్లేదు.

“అమ్మా, ఇక పెళ్ళికొడుకు చెయ్యి వదిలితే కాఫీ ఇస్తాను” అంది ఉదయశ్రీ.