టీవీ ఆపేశాక

"ఆపవయ్యా! ఆ గోడకి బెజ్జం పెట్టావంటే ఊరుకోను."

ఫణీంద్ర గుమ్మంలోంచే అరిచాడు. వినుకొండ రోడ్డులో ఎరువుల కొట్టు మూసి భోజనానికి వచ్చినవాడు చెప్పులు కూడా విప్పలేదు. స్టూలెక్కి డ్రిల్లు పట్టుకున్న టీవీ మెకానిక్ అల్తాఫ్ బిత్తరపోయి, ఫణీంద్ర భార్య నీలిమ వైపు చూశాడు.

"నేనే పిలిపించాను. టీవీ గోడకి పెట్టించాల్సిందే," అంది నీలిమ. "ఇంకా పైకి పెట్టు అల్తాఫ్. సీలింగుకి మూరెడు కిందుంటే చాలు."

"అంత పైకా మేడం? మెడలు పట్టేస్తాయి. కూర్చున్నోళ్ల కళ్లకి సమంగా ఉండాల."

"చెప్పు, నువ్వైనా చెప్పు!" ఫణీంద్ర వచ్చి, స్టాండు మీదున్న టీవీకి అడ్డంగా నిలబడ్డాడు. "ఇక్కడ లక్షణంగా ఉందిగా. రేపు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు బెజ్జాలు చూసి ఓనరమ్మ ఊరుకుంటదా?"

"వెంకటరమణమ్మ పిన్నిగారిని అడిగాను. పెట్టుకోమంది."

"వైర్లు గోడ మీద వేలాడతాయి, అసయ్యంగా."

"వాటికి పైపు వేస్తానన్నాడు."

"స్టాండు ఏం చేసుకుంటావు? చానా ఇష్టపడి కొన్నాంగదా!"

"నాకొద్దు. కాదంటే ఆ టీవీనే అమ్మిపారెయ్యండి."

పెళ్లయి ఏడాది నిండలేదు. ఇంత చిన్న విషయానికి ఇద్దరూ ఇంత పట్టు పట్టడం ఇదే మొదటిసారి.

"ఏందే నీ గోల? అసలేమైందో చెప్పు," అన్నాడు ఫణీంద్ర.

నీలిమ అల్తాఫ్ వైపు చూసింది. ఇక దాచడం ఆమె వల్ల కాలేదు.

"టీవీ ఆపేశాక ఆ నల్లటి తెరలో సోఫా కనపడుతుంది కదా. మీరు కొట్టుకెళ్లాక నేనొక్కదాన్నే కూర్చుంటాను. తెరలో మాత్రం నాతో పాటు ఇంకొకరు ఉంటున్నారు."

అల్తాఫ్ మెల్లగా స్టూలు దిగాడు.

"ఎవరో ఆడమనిషి. అప్పుడే తలంటి పోసుకున్నట్టు తలకి తువ్వాలు చుట్టుకుని ఉంటుంది. పక్కకి తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. తెరలోకి చూస్తే మళ్లీ ఉంటుంది. మొదట్లో సోఫా ఆ చివర కూర్చునేది. రానురాను నా వైపుకి జరుగుతోంది. నిన్న నా భుజానికి ఆనుకునే కూర్చుంది."

పిచ్చి భ్రమ అని నవ్వుతాడనుకుంది. ఫణీంద్ర నవ్వలేదు. మొహం పాలిపోయింది.

"గడ్డం మీద పుట్టుమచ్చ ఉందా?" అని అడిగాడు.

"ఉంది. మీకెట్లా తెలుసు?"

"నాక్కూడా కనపడతాంది కాబట్టి." తడబడుతూ సోఫా చేయి పట్టుకుని కూర్చున్నాడు. "అది ప్రత్యూష."

ప్రత్యూష అతని మొదటి భార్య. నీలిమకి పేరు తెలుసు కానీ, ఫొటో ఎప్పుడూ చూడలేదు.

"కరోనాలో పోయింది. గుంటూరు ఆసుపత్రి నుంచి మూట కట్టి పంపారు. ఒక్కసారి మొహం చూపించండని కాళ్లు పట్టుకున్నా. చూపించలా. ఆఖరి చూపు కూడా లేకుండానే దహనం అయిపోయింది." చిన్నపిల్లాడిలా మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "ఈ టీవీ తెచ్చిన రోజు, ఆపంగానే కనపడింది. నువ్వు వంటింట్లో ఉన్నప్పుడు వచ్చి చూసుకుంటన్నా. గోడకెక్కిస్తే ఫ్యాను తప్ప ఏం కనపడదు నీలిమా."

"నేను మళ్లొస్తా మేడం," అన్నాడు అల్తాఫ్. బ్రాకెట్టు అక్కడే వదిలేసి, డ్రిల్లు చంకన పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

నీలిమకి కోపం వచ్చింది, భయమూ వేసింది. కానీ చివరికి మొహమైనా చూడలేకపోయిన మనిషి ఎదురుగా కూర్చుని ఏడుస్తుంటే ఆ రెండూ నిలవలేదు.

"సరే. ఇవాళ ఒక్కసారి కళ్లారా చూసుకోండి," అంది అతని భుజం మీద చెయ్యి వేసి. "సాయంత్రం అల్తాఫ్‌ని పిలిచి గోడకెక్కించేద్దాం. ఆమెనీ వెళ్లనివ్వాలి కదా."

ఫణీంద్ర తలూపాడు. "నువ్వూ నా పక్కన కూర్చో."

కిటికీ తలుపులు బార్లా తీసి ఉన్నాయి. హాలంతా మధ్యాహ్నపు వెలుతురు. కింద రోడ్డు మీద ఆటోల హారన్లు వినిపిస్తున్నాయి. నీలిమ అతని పక్కన కూర్చుని, అతని చెయ్యి గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంది.

"ఉందా?"

"ఉంది," అన్నాడు. "ఎంత చక్కగా ఉందో!"

నీలిమ ధైర్యం తెచ్చుకుని కళ్లు తెరిచింది.

తెరలో ఇద్దరే ఉన్నారు. ఫణీంద్ర, అతని చెయ్యి పట్టుకుని తలకి తువ్వాలు చుట్టుకున్న మనిషి. నీలిమ తన కోసం వెతుక్కుంది. సోఫా ఈ చివరా లేదు, ఆ చివరా లేదు. భయంతో చెయ్యెత్తి చెంప తడుముకుంది. తెరలో ఆ తువ్వాలు మనిషి కూడా చెయ్యెత్తి చెంప తడుముకుంది.

"ఏమండీ..."

ఫణీంద్ర తెర మీంచి చూపు మరల్చి ఆమె వైపు తిరిగాడు. ఆమె మొహాన్ని తేరిపార చూసి, రెండు చేతులతో ప్రేమగా దగ్గరికి తీసుకున్నాడు.

"వణకబాకే ప్రత్యూషా," అన్నాడు. "నీలిమ వెళ్లిపోయిందిలే."